మాటతీరుకు మాటలు

ఇంగ్లీషు పదాలు నేర్పే పుస్తకాలకు మన దగ్గర కరువేమీ లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఇప్పటికీ దొరుకుతుంది. 1949లో అమెరికాలో అచ్చయిన ఆ పుస్తకం తరాల తరబడి మన పిల్లల చేతుల్లో నలిగింది. పక్కనే అట్ట ఊడిన బ్యారన్స్ జీఆర్ఈ పుస్తకం ఉంటుంది. అమెరికా వెళ్లాలనుకున్న కుర్రాళ్లు అందులోని పదాల జాబితాను 'ఎ'తో మొదలెట్టి, 'సి' దాటకముందే చాలించిన సంగతి మార్జిన్లలోని పెన్సిలు గీతలే చెబుతాయి. ఆ గీతలు ఎక్కడ ఆగిపోయాయో చూడడం నాకో సరదా.

ఇన్ని ఉండగా మరొకటి దేనికని ఈ పుస్తకం రాసిన రచయిత్రిని అడిగాను. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు తానే డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతోంది. "ఒక్క పని కోసమే రాశాను మాస్టారూ. ఎవరు ఎలా మాట్లాడారో ఇంగ్లీషులో చెప్పగలగడం" అంది. రాతప్రతి చదివాక, ఆ ఒక్క పనీ ఎంత పెద్దదో తెలిసింది.

మన పిల్లలు పదిహేనేళ్లు ఇంగ్లీషు చదివి బయటికొచ్చినా, ఎవరేమన్నా 'సెడ్', ఎవరికేం చెప్పినా 'టోల్డ్'. అరిచినా సెడ్, గొణిగినా సెడ్, ఏడుస్తూ ఒప్పుకున్నా సెడ్. అదే కుర్రాణ్ణి హాస్టల్లో జరిగిన గొడవేమిటో తెలుగులో చెప్పమనండి. వార్డెన్ గద్దించాడంటాడు. ఒకడు బుకాయించాడు, ఒకడు నీళ్లు నమిలాడు, ఒకడు వార్డెన్‌కు వత్తాసు పలికాడు, చివరికి ఎవడో నోరు జారాడు. ఎవరి మాట ఏ తీరున నడిచిందో పట్టుకునే చెవి వాడికి ఇంట్లోనే అబ్బింది. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి ఆ చెవిని వాడంతట వాడే మూసేసుకుంటాడు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడకూడదని మా తరం మాస్టర్లలో చాలామందిది పట్టు. ఈమె ఆ పట్టును పక్కనపెట్టి తెలుగు చెవినే నమ్ముకుంది. ప్రతి అధ్యాయమూ మనకు తెలిసిన ఒక మాటతీరుతో మొదలవుతుంది. తర్వాత దానికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు మాటలు వస్తాయి, ఆపైన అవి ఎక్కడ విడిపోతాయో.

'నీళ్లు నమలడం' అన్న అధ్యాయమే చూడండి. ఆఫీసులో ఫైలు కనబడదు. అధికారి గుమాస్తాను పిలిచి అడుగుతాడు. "పైకి వెళ్లే ఉంటుందండీ, వెళ్లకపోయినా వెళ్లకపోయి ఉండొచ్చు" అంటే అది హెడ్జ్ చేయడం, ఎటూ చిక్కకుండా జాగ్రత్తపడడం. "ఫైలు కదిలిందండీ" అని ఊరుకున్నాడనుకోండి, ముందుకు కదిలిందా, బీరువాలోంచి మాయమైందా? రెండర్థాల మాట పడేసి తప్పుకున్నాడు కాబట్టి ఈక్వివొకేట్ చేశాడు. ఫైలు పోయింది మొన్నయితే "నిన్న నేను సెలవండీ" అనడం ప్రివారికేట్ చేయడం. అన్నది అబద్ధం కాదు, కానీ నిజానికి అడ్డం. రిజిస్టర్ల గురించీ, పాత సూపరింటెండెంటు గారి పద్ధతుల గురించీ అరగంట చెప్పుకొస్తే వాఫిల్. ఇక్కడ రచయిత్రి ఒక హెచ్చరిక కూడా చేసింది. బ్రిటన్‌లో వాఫిల్ అంటే ఊకదంపుడు, అమెరికాలో ఎటూ తేల్చకుండా ఊగిసలాడడం. ఇక ఏమడిగినా "నాకు తెలీదండీ" అని బండరాయిలా కూర్చుంటే స్టోన్‌వాల్. ఐదుగురు గుమాస్తాలూ మనకు తెలిసినవాళ్లే. వాళ్లలో తేడా మనం ఎప్పుడో పసిగట్టాం. కావలసిందల్లా పేర్లు.

నార్మన్ లూయిస్ పుస్తకంలోనూ మాట అలవాట్ల మీద ఒక అధ్యాయం ఉంది. టాసిటర్న్, లకానిక్, గారులస్, వర్బోస్, వాల్యుబుల్ వంటివి మూలాలతో సహా చక్కగా నేర్పుతాడు. ఆయన మీద నాకు గౌరవమే. కాకపోతే అవన్నీ మనుషుల మెడలో వేలాడదీసే చీటీలు. ఫలానావాడు ఇలాంటివాడు అన్నంతవరకే వాటి పని. మనిషి అందరితో ఒకేలా మాట్లాడడు కదా. అత్తగారింట్లో ముభావంగా ఉండే అల్లుడు పేకాటలో గలగలా మాట్లాడతాడు. అందుకే ఈ పుస్తకంలో విశేషణాల కన్నా క్రియలకు ఎక్కువ చోటు దక్కింది. విశేషణాలు వచ్చిన చోట మాత్రం ఈమె తూకం లూయిస్ కన్నా సన్నం. వాల్యుబుల్ గలగల, గారులస్ లొడలొడ. స్వభావం వల్లే మాట తక్కువైతే టాసిటర్న్, చెప్పదలచుకోక ఆపుకుంటే రెటిసెంట్. ముక్తసరి మాటలో పదును ఉంటే లకానిక్, విసురు ఉంటే కర్ట్.

అసలు పదాలను అకారాది క్రమం వదిలి అర్థాన్ని బట్టి పేర్చడం కొత్త సంగతి కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడిన 1852లోనే, లండన్‌లో పీటర్ మార్క్ రోజె 'థిసారస్' వచ్చింది. రోజె వృత్తికి వైద్యుడు, రాయల్ సొసైటీకి చాలాకాలం కార్యదర్శి. భావాలను వర్గాలుగా విడగొట్టి, వాటిలో భావాలను ఒకరికొకరు తెలియజేసుకోవడానికి ఒక పెద్ద విభాగమే కేటాయించాడు. వాచాలత్వానికి ఎదురుగా మితభాషిత్వం, బయటపెట్టడానికి ఎదురుగా దాచడం, ఇలా జంటలుగా నడుస్తుంది. తనకన్నా ముందు ఈ దారిన నడిచిన పుస్తకాల్లో మొట్టమొదటిదిగా ఆయన ఎత్తి చెప్పింది మన అమరకోశాన్నే. 1808లో శ్రీరామపురంలో అచ్చయిన కోల్‌బ్రుక్ అనువాదం ఆయనకు తెలుసు. పొంగిపోకండి, మెచ్చుకోలేదు. ముఖ్యంగా మనోవ్యాపారాల విషయంలో దాని వర్గీకరణ మరీ గందరగోళంగా ఉందని పెదవి విరిచాడు.

వీధిబడిలో అమరం వల్లె వేసిన పెద్దల మధ్య పెరిగినవాణ్ణి, ఊరుకోలేను. దొరగారు శబ్దాదివర్గం దగ్గర కాస్త ఆగి చూడవలసింది. అక్కడ ఒక్క 'లాపం' పట్టుకుని అమరసింహుడు ఎన్ని మాటతీరులు విడదీశాడో! అర్థంలేని మాట ప్రలాపం, అన్నదే మళ్లీమళ్లీ అనడం అనులాపం, ఏడుస్తూ చెప్పుకునేది విలాపం, ఒకరి మాటకు ఒకరు అడ్డం తగిలితే విప్రలాపం, ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే సంలాపం, చక్కని మాట సుప్రలాపం, ఉన్నదాన్ని కప్పిపుచ్చితే అపలాపం. ఈ పుస్తకం విషయసూచిక పక్కన ఈ వరుస పెట్టుకుని చూశాను. చాలావరకు ఒకదానికొకటి అతుకుతుంది.

ఈ పుస్తకంలో అన్నిటికన్నా గట్టి భాగం వార్తాపత్రికల మీద రాసినది. 'అన్నారు' తప్ప మాటతీరును చెప్పే ప్రతి క్రియలోనూ చెప్పేవాడి తీర్పు దాగి ఉంటుందని ఈమె వాదం. మన తెలుగు డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటరుకు ఇది కొట్టినపిండి. మంత్రిగారు ఒక విషయం 'వెల్లడించారు' అని రాస్తే అది నిజమని పత్రిక కూడా ఒప్పుకున్నట్టు. 'ఆరోపించారు' అంటే పూచీ మంత్రిగారిది. 'పేర్కొన్నారు' గోడ మీద పిల్లి. 'మండిపడ్డారు', 'దుయ్యబట్టారు', 'ధ్వజమెత్తారు' అన్న మూడూ ఒకే ప్రెస్‌మీట్‌లో ఒకే గొంతుతో అన్న మాటలకు మూడు పత్రికలు పెట్టిన శీర్షికలు కావచ్చు. ఇంగ్లీషులో రివీల్, ఎలెజ్, క్లెయిమ్, అడ్మిట్‌ల మధ్య ఉన్నదీ ఈ లెక్కే. ఒక మనిషి 'అడ్మిటెడ్' అని రాశామంటే, దాచవలసిందేదో అతని దగ్గర ఉందని మనం ముందే తేల్చేసినట్టు. 'కన్ఫెస్' ఇంకో మెట్టు. 1872 నాటి సాక్ష్య చట్టం అడ్మిషన్‌నూ కన్ఫెషన్‌నూ వేరు చేసింది. పోలీసు అధికారి ముందు చేసిన కన్ఫెషన్‌ను ముద్దాయి మీద రుజువుగా వాడరాదంది. 2024 జులైలో దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ తేడా నిలిచే ఉంది. అంటే ఈ రెండు మాటల మధ్య సందులో ఒక మనిషి జైలు గడప ఉందన్నమాట. పరీక్షలో ఒక మార్కు పోయే తేడా కాదిది.

పొగడ్తలోనూ తీర్పు ఉంటుంది. 2007లో అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ మొదలవుతున్న రోజుల్లో జో బైడెన్, తోటి సెనేటర్ ఒబామాను మెచ్చుకుంటూ 'ఆర్టిక్యులేట్' అన్నమాట వాడి, వెంటనే విచారం వెలిబుచ్చవలసి వచ్చింది. స్పష్టంగా మాట్లాడగలవాడు అనడం తప్పా అని మన పిల్లలు ఆశ్చర్యపోతారు. నల్లజాతివారు అలా మాట్లాడతారని మీరు అనుకోలేదా ఏమిటన్నది అక్కడి వాళ్లు అడిగిన ప్రశ్న. డాలస్‌కో న్యూజెర్సీకో ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు సహోద్యోగి పనితీరు మీద నాలుగు వాక్యాలు రాసే ముందు ఈ పేజీలు చదవడం మంచిది.

ఆడవాళ్ల మాట మీద రాసిన అధ్యాయం నాకు కొంచెం గుచ్చుకుంది, గుచ్చుకోవాలనే రాసినట్టుంది. గయ్యాళికి తెలుగులో మగమాట లేదు. ఇంగ్లీషులో 'కామన్ స్కోల్డ్' అని ఒక నేరమే ఉండేది. నోరుపెట్టుకుని ఇరుగుపొరుగును వేధిస్తుందని ఆడదాని మీద మోపే నేరం. ఇంగ్లండులో 1967లో క్రిమినల్ లా చట్టం వచ్చేదాకా అది పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ష్రిల్, నాగ్, బాసీ అన్న మాటలు ఎవరి మీద ఎక్కువగా పడతాయో గమనించమని విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చింది. జవాబు పుస్తకంలో ఇవ్వలేదు.

వ్యాకరణం సంగతి క్లుప్తంగానే ఉంది, అంత చాలు. 'నాకు చెప్పు', 'నాకు వివరించు' అని రెండుచోట్లా ఒకే 'కు' వాడే అలవాటు వల్ల మనవాళ్లు 'టెల్ మీ'తో పాటు 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అనేస్తారు. 'గురించి చర్చించాం' అన్నది నోట్లో ఉండి 'డిస్కస్డ్ అబౌట్' అంటారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. నన్ను నవ్వించింది 'ఇంటిమేట్' మీద రాసిన పేరా. ఇంగ్లండులో ఈ క్రియకు అర్థం నర్మగర్భంగా, సూచనప్రాయంగా తెలియజేయడం. మన కచేరీల్లో అది సంతకం, స్టాంపుతో లిఖితపూర్వకంగా తెలియజేయడం! 'కైండ్లీ ఇంటిమేట్' అని మన డెప్యూటీ తహసీల్దారు రాసిన ఉత్తరం లండన్‌లో ఎవరికైనా అందితే, కన్ను గీటి ఊరుకుంటాడేమో. మన ప్రయోగాన్ని తప్పనకుండా, ఎవరికి రాస్తున్నారో చూసుకోమని మాత్రమే అంది. ఆ సంయమనం నాకు నచ్చింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పల్లెటూరి డిగ్రీ విద్యార్థికి ఈ మాటలు ఎలా పలకాలో చెప్పే దిక్కెవరు? ఉచ్చారణను తెలుగు లిపిలో పక్కన ఇచ్చి ఉండవలసింది. మౌనానికి రెండు పేజీలే ఇచ్చింది. మన ఇళ్లలో అలక, బిగుసుకుపోవడం, మూతి ముడుచుకోవడం చేసే పని తక్కువది కాదు, ఇంగ్లీషులో సల్క్ ఒక్కటీ దానికి చాలదు. వాట్సాప్‌లో చూసి జవాబివ్వకపోవడం కూడా ఇప్పుడు ఒక మాటతీరే. అది ఇందులో లేదు.

మరొకటి అమ్మాయికి గట్టిగానే చెప్పాను. చివర ఇచ్చిన పదసూచిక ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంది. ఇన్‌సినుయేట్ అన్న మాట ముందే తెలిసినవాడికే అది ఎక్కడుందో దొరుకుతుంది. తెలియని పిల్లకు తెలిసింది 'ఎత్తిపొడుపు'. ఆమె ఆ మాట పట్టుకుని రావాలి. దెప్పడం, నసగడం, సణగడం, కూపీ లాగడం, కుండబద్దలు కొట్టడం, ఇలా తెలుగు వైపు నుంచి ఇంకో సూచిక రెండో కూర్పులోనైనా వేయమన్నాను. ప్రచురణకర్త కాగితం ఖర్చు అంటున్నాడట. ఆయనతో నేనే మాట్లాడతాను.