మినీమోగ్ కడుపులో నిచ్చెన

1960ల్లో మోగ్ సింథసైజర్ కొన్నవాళ్ల ఇంటికి చేరేది వాద్యం కాదు, వాద్యం తయారుచేసుకునే సామాను. గోడ పొడవునా చెక్క క్యాబినెట్లు, వాటి నిండా మాడ్యూళ్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి వేలాడే ప్యాచ్ తీగలు. ఏ తీగ ఎక్కడ గుచ్చాలో వాయించేవాడే తేల్చుకోవాలి. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ సంగీతాన్ని దానిమీద వాయించి అందరినీ నివ్వెరపరిచింది. నిజమే, కానీ అది ఒక్కో స్వరవరసనూ విడిగా వాయించి, టేపు మీద పేర్చుకుంటూ పోతే తయారైన రికార్డు. అలాంటి యంత్రమే 1969లో మన అహ్మదాబాద్‌కీ వచ్చింది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పాడు, గీతా సారాభాయ్ లాంటివాళ్లు దానితో ప్రయోగాలు చేశారు. స్టూడియోలో కూర్చుని చేసే పనికి అది భేషుగ్గా ఉండేది. కచేరీకి మోసుకెళ్లాలంటే మాత్రం రాక్ కీబోర్డు వాద్యకారుడు కీత్ ఎమర్సన్ లాంటి మొండివాడై ఉండాలి.

ఆ పెద్ద యంత్రానికి కళ్లెం వేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమాన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, రాబర్ట్ మోగ్ కంపెనీలోనే. బిల్ హెమ్‌సాత్ అనే ఇంజనీరు మధ్యాహ్న భోజన విరామాల్లో, పక్కన పడేసిన విడిభాగాలు ఏరుకొచ్చి ఒకే పెట్టెలో బిగించాడు. ఎ, బి, సి నమూనాలు దాటి, జిమ్ స్కాట్ లాంటి సహచరుల చేతులు కూడా పడ్డాక, 1970లో మినీమోగ్ మోడల్ డి బయటికొచ్చింది. ధర 1,495 డాలర్లు. 1981 దాకా సుమారు 12,000 తయారయ్యాయి.

నన్నడిగితే ఈ వాద్యంలో గొప్పతనమంతా దాని తయారీదారులు వదిలేసిన వాటిలోనే ఉంది. ప్యాచ్ తీగలు పోయాయి. ఏ భాగం ఏ భాగానికి కలవాలో వాళ్లే తేల్చి, లోపల శాశ్వతంగా కలిపేశారు. వేల రకాల కలయికల్లో ఒక్కదాన్ని ఎంచుకుని, మిగతావి వద్దనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ ఎంపికే ప్యానెల్ మీద కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే చాలు. ముందు కంట్రోలర్లు, తర్వాత మూడు ఆసిలేటర్లు, మిక్సర్, ఫిల్టరూ, నాదం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పే కాంటూర్లూ, చివర అవుట్‌పుట్. నాదం పుట్టి, కలిసి, చెక్కుకుని బయటపడే క్రమమూ అదే. ప్యానెల్‌ను వెనక నుంచి పైకెత్తి, ఏటవాలుగా నిలబెట్టుకోవచ్చు. వాయించేవాడు తల వంచకుండానే నాబులన్నీ చూస్తాడు.

ఆసిలేటర్లు మూడెందుకు? రెండింటిని 440, 441 హెర్ట్జ్‌ల దగ్గర పెడితే సెకనుకు ఒక అల చొప్పున నాదం ఊగుతుంది. తంబురా తీగ కింద జీవాళీ దారం సరిగ్గా కుదిరినప్పుడు వినిపించే జీవం లాంటిది దీనికీ వస్తుంది. మూడోదాన్ని మెట్ల నుంచి విడదీసి, నెమ్మదిగా కదిలే కంపనానికి వాడుకోవచ్చు. తొలి బోర్డుల్లో ఈ ఆసిలేటర్లు వేడికి శ్రుతి తప్పేవి. స్విచ్ వేసి కాసేపు ఆగక తప్పదు, పాట మధ్యలో సవరించుకోకా తప్పదు. అందుకే కాబోలు, అవుట్‌పుట్ దగ్గర ఎ-440 స్వరాన్ని వినిపించే చిన్న స్విచ్ ఒకటి పెట్టారు. తర్వాతి బోర్డుల్లో ఈ జబ్బు చాలావరకు నయమైంది.

అసలు పనితనం ఫిల్టర్‌లో ఉంది. 1969లో మోగ్‌కు పేటెంట్ వచ్చిన ఈ సర్క్యూట్‌ను కాగితం మీద గీస్తే అచ్చం నిచ్చెనే. రెండు వరసల్లో ట్రాన్సిస్టర్లు జంటలు జంటలుగా ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. ఆ రెండు వరసలనూ కలుపుతూ, అంతస్తుకొకటి చొప్పున, నాలుగు కెపాసిటర్లు. నాదం అడుగున ప్రవేశించి పైకెక్కుతుంది. ఎక్కే ప్రతి అంతస్తులోనూ పదునైన హార్మోనిక్స్ కొంత అరుగుతాయి. అంతస్తుకు 6 డెసిబెల్స్ చొప్పున, పైకి చేరేసరికి స్థాయికి (ఆక్టేవ్‌కు) 24 డెసిబెల్స్ కోత. మరి కోత ఎక్కడ మొదలవ్వాలో చెప్పేదెవరు? అడుగు నుంచి లాగే కరెంటు. అది పెరిగితే ట్రాన్సిస్టర్ల నిరోధం తగ్గి నాదం తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. నిరోధాన్ని మార్చడానికి విడిగా ఏ భాగమూ అక్కర్లేదు. ట్రాన్సిస్టర్‌కు పుట్టుకతో ఉన్న గుణాన్నే పనిలో పెట్టాడు మోగ్. ఇంత పొదుపైన ఆలోచన ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

పై నుంచి కొంత నాదాన్ని తిరిగి అడుక్కి పంపితే, కోత మొదలయ్యే చోట స్వరం నిక్కుతుంది. ప్యానెల్ మీద దాని పేరు ఎంఫసిస్. దాన్ని బాగా పెంచితే ఫిల్టరే ఈల వేస్తుంది. అయితే అది పెరిగేకొద్దీ మంద్రం పలచబడుతుంది. లెక్క ప్రకారం ఇది లోపమే. ఇంకో లోపం, ఈ నిచ్చెన పదుల మిల్లీవోల్టులకు మించి శుభ్రంగా మోయలేదు. మినీమోగ్ మిక్సర్ నాబులు సగం దాటితే అంతకన్నా బలంగానే నెడతాయి. అప్పుడు నాదం చిట్లదు, అంచులు గుండ్రబడి లావెక్కుతుంది. మినీమోగ్ బేస్ అంటే జనం మెచ్చుకునేది ఈ లావునే. అది చాలదన్నవాళ్లు అవుట్‌పుట్ నుంచి ఒక తీగ తెచ్చి ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు.

ఈ నిచ్చెన మీద కన్నేసినవాళ్లు తక్కువేం కాదు. ఇంగ్లండ్ వీసీఎస్-3లో, జపాన్ రోలాండ్ టీబీ-303లో ట్రాన్సిస్టర్లకు బదులు డయోడ్లతో కట్టిన నిచ్చెనలున్నాయి. వాటి గొంతు వేరు, కాస్త జిగట, కాస్త గీర. ఆ 303తోనే 1982లో హిందీ సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు.

ఇళ్లల్లో కట్టుకునేవాళ్లకూ ఈ ఫిల్టర్ అంటే మహా మోజు. మోగ్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. పద్నాలుగేళ్లకే ఇంట్లో థెరెమిన్ కట్టాడు, తర్వాత థెరెమిన్ కిట్లు అమ్మాడు. నిచ్చెనకు టంకం వేయడం పెద్ద కష్టం కాదు. జతలు కుదర్చడమే ఓపిక. ఒకే సంచిలోని ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, బేస్-ఎమిటర్ వోల్టేజి ఒకేలా ఉన్నవాటిని జత కట్టాలి. చేత్తో పట్టుకుంటే ఆ వేడికే అంకె జారిపోతుంది, ఒక డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. పట్టకారుతో పెట్టి, అంకె నిలిచేదాకా ఊపిరి కూడా దానిమీద పడనివ్వకుండా చూడాలి. ఇంతా చేసి, ఎడమ కుడి వరసలు సరితూగకపోతే కోత మొదలయ్యే చోటును, అంటే కటాఫ్‌ను, కదిలించినప్పుడల్లా టప్‌మని శబ్దం.

వాయించడానికి కూర్చుంటే మినీమోగ్ కొన్ని షరతులు పెడుతుంది. మెట్లు 44, ఒకసారి పలికేది ఒక్క స్వరమే. రెండు మెట్లు కలిపి నొక్కితే కింది స్వరానిదే పెత్తనం. కింది మెట్టు వదలకుండా పైది ఎంత కొట్టినా పలకదు. పైది పట్టుకుని కిందిది నొక్కితే, కాంటూర్ మళ్లీ మొదలవకుండా స్వరం మాత్రం మారుతుంది. ఒక్క ఊపిరిలో రెండు స్వరాలు పలికినట్టుంటుంది. పియానో అలవాటైన వేళ్లకు ఇది నచ్చదు, వీణ వినే చెవులకు వెంటనే నచ్చుతుంది.

ఎడమ పక్కన రెండు చక్రాలు. ఒకటి కంపనానికి, ఒకటి స్వరాన్ని వంచడానికి. తర్వాత వచ్చిన ఎన్నో కీబోర్డులు ఈ ఏర్పాటునే అందుకున్నాయి. వంచే చక్రానికి పాత మినీమోగ్‌లో స్ప్రింగు లేదు. మధ్యకొచ్చినప్పుడు వేలికి చిన్న గాడి తగులుతుంది, అంతే. స్వరాన్ని వంచి, వంచిన చోటే నిలబెట్టి, తీరిగ్గా వెనక్కి తేవచ్చు. 2022లో కంపెనీ మళ్లీ తయారుచేసిన మోడల్ డిలో ఇతర వాద్యాలతో, కంప్యూటర్లతో కలిపే మిడి పెట్టారు, కంపనానికి విడిగా ఆసిలేటర్ పెట్టారు. రెండూ ఉపయోగమే. వంచే చక్రానికి మాత్రం స్ప్రింగు బిగించారు. వేలు తీస్తే చక్రం దానంతటదే మధ్యకొచ్చేస్తుంది. వేదిక మీద పొరపాట్లు తగ్గుతాయంటే ఒప్పుకుంటాను. కానీ కాకలి నిషాదాన్ని షడ్జం వైపు కొంచెం కొంచెంగా లాగాలనుకునేవాడు స్వరంతో పాటు స్ప్రింగుతోనూ పెనుగులాడాలి. నేనైతే ఆ స్ప్రింగు తీయించేస్తాను.