సాక్షి స్థానం నుంచి తీర్పరి స్థానానికి: పేదరిక పరిష్కార పాఠ్యాల్లో పేదల గొంతు

వ్యాససంగ్రహం:
పేదరికాన్ని అనుభవించినవారు తమ బాధను చెప్పుకొన్న పాఠ్యాలను తెలుగు విమర్శ విస్తృతంగా చర్చించింది. అదే మనుషులు పరిష్కారాన్ని నిర్ణయించిన పాఠ్యాలపై అంత శ్రద్ధ పెట్టలేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా వాచకాల్లోని రెండు పాఠాలను, 2001లో అల్గోలులో వెలువడిన 'ప్రజాతీర్పు'ను ఈ వ్యాసం ఆ కోణంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: స్వానుభవం, సాక్ష్యం, సారా ఉద్యమం, అక్షరదీపం, ప్రజాతీర్పు, విజన్ 2020.

1. ప్రవేశిక

పేదల గురించి ఎవరు రాయాలి అన్న ప్రశ్న దళిత, బహుజన సాహిత్యోద్యమాల తర్వాత తెలుగు విమర్శలో స్థిరపడింది. సహానుభూతికీ స్వానుభవానికీ ఉన్న దూరాన్ని మనం ఇప్పుడు తరగతి గదిలోనూ చర్చిస్తున్నాం. పేదరికం తొలగడానికి ఏం చేయాలో ఎవరు నిర్ణయించాలి అన్న పక్క ప్రశ్న మాత్రం అర్థశాస్త్రానికో, రాజనీతిశాస్త్రానికో వదిలేశాం. అనుభవాన్ని వర్ణించే హక్కు వేరు, పరిష్కారాన్ని తేల్చే హక్కు వేరు. మొదటిది దక్కినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు.

జాషువా 'గబ్బిలం' (1941) ఈ తేడాను కావ్య నిర్మాణంలోనే చూపిస్తుంది. గుడిలోకి అడుగుపెట్టే వీలు లేని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలాన్ని దూతగా ఎంచుకొంటాడు. అతనికి మాట ఉంది, వేదన ఉంది, తర్కం కూడా ఉంది. లేనిదల్లా నిర్ణయం జరిగే చోట ప్రవేశం. సందేశకావ్య ప్రక్రియను జాషువా కేవలం అనుకరణగా తీసుకోలేదని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. ఆ ప్రక్రియకు అవసరమైన దూరాన్ని ఇక్కడ కులమే కల్పించింది. అంతకు దాదాపు రెండు దశాబ్దాల ముందు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో తక్కెళ్ల జగ్గడుగా మారిన వెంకటదాసు సంపదను పంచే మార్గాన్ని తానే ఎంచుకొంటాడు. ఆ నవలలో పరిష్కారాన్ని స్వయంగా అమలు చేసిన మనిషి చట్టం దృష్టిలో నేరస్థుడయ్యాడు.

2. రెండు పాఠాలు, మధ్యలో ఒక ఊరు

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అక్షరదీపం' పేరుతో మొదలైంది. దానికి తయారుచేసిన వాచకంలో 'సీతమ్మ కథ' ఒక పాఠం. సారా వల్ల పల్లెటూరి కుటుంబాలు పడే అవస్థ, దానికి ఎదురు నిలిచిన స్త్రీ ఇందులోని ఇతివృత్తం. రాసింది చదువుకొన్నవారు, చదివింది కూలి చేసుకొనే స్త్రీలు. ఈ స్థాయి వరకు ఇది ప్రబోధ సాహిత్యమే. దూబగుంట స్త్రీలు దాన్ని చదివిన తీరు మాత్రం ఆ పరిధిలో ఆగలేదు. వర్ధినేని రోశమ్మ వంటి వారు ముందు నిలవగా ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు.

ఇక్కడ రోగనిర్ణయం మారిన తీరును గమనించాలి. కార్యక్రమ నిర్వాహకుల దృష్టిలో లోటు అక్షరం. ఆ స్త్రీల దృష్టిలో లోటు ఇంటికి చేరని కూలి డబ్బు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో పల్లెలకు చేర్చింది. ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారం. భర్త తాగుడును సంసార సమస్యగా, నీతి సమస్యగా బయటివారు చూస్తున్నప్పుడు, సాయంత్రానికి కూలి డబ్బు ఏ దారిన ఎవరి చేతికి పోతున్నదో ఆ స్త్రీలు లెక్కకట్టి చెప్పగలిగారు. అక్షరాలు దిద్దించడానికి వచ్చిన పుస్తకాన్ని వారు విధాన విమర్శగా చదివారు. గ్రహణ సిద్ధాంతం గురించి పుటలకు పుటలు రాసే మనం ఈ పఠనాన్ని ఉదాహరణగా తీసుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది.

తర్వాతి దశ వాచకంలో దూబగుంట అనుభవమే పాఠమైంది. దాని పేరు 'ఆడవాళ్ళు ఏకమైతే'. శీర్షిక చేదర్థకంతో ఆగిపోయింది, సమాపక క్రియ లేదు. వ్యాకరణం దృష్ట్యా అది అసంపూర్ణ వాక్యం. దాన్ని పూర్తిచేసే పని పుస్తకం చేయలేదు, ఇతర గ్రామాల పాఠకులు చేశారు. మొదటి పాఠంలో సీతమ్మ కల్పిత పాత్ర. రెండో పాఠంలో పాత్రలు నిన్నటి పాఠకులే. పాఠకులు పాత్రలై, ఆ పాత్రలు మళ్ళీ కొత్త పాఠకులను కదిలించిన ఇలాంటి వలయం మన ఆధునిక సాహిత్యంలో అరుదు. వాచకాలు సాహిత్యం కిందికి రావన్న అలవాటు వల్ల దీన్ని సామాజికోద్యమ చరిత్రకారులకే విడిచిపెట్టాం.

1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు. సమస్యకు పేరు పెట్టింది పల్లె స్త్రీలు. పరిష్కారం చట్టంగా మారాక దాని ఆయుష్షును నిర్ణయించే చోట వారికి పీట లేదు.

3. 'ప్రజాతీర్పు': స్థానాల తారుమారు

ఎన్నికల ఫలితాల నాడు పత్రికలు వాడే మాట 'ప్రజాతీర్పు'. 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లా అల్గోలు గ్రామంలో ఈ మాటకు అక్షరార్థం దక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సాయంతో రూపొందించి 1999లో విడుదల చేసిన 'విజన్ 2020' పత్రం, రాష్ట్ర వ్యవసాయ భవిష్యత్తును చిత్రించింది. దానిపై విచారణకు చిన్న, సన్నకారు రైతులతో, అధిక సంఖ్యలో స్త్రీలతో ఒక జ్యూరీ కూర్చుంది. అధికారులు, నిపుణులు సాక్షులుగా వచ్చారు. పర్యవేక్షక మండలికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి.సావంత్ అధ్యక్షత వహించారు.

సాధారణంగా పేదలు చెబుతారు, నిపుణులు తేలుస్తారు. సర్వే, కేస్ స్టడీ, బహిరంగ విచారణ అన్నిటిలో క్రమం ఇదే. అల్గోలులో నిపుణులు చెప్పారు, పేదలు ప్రశ్నించి తేల్చారు. ఈ తారుమారు ప్రభావం తీర్పు భాషలో కనిపిస్తుంది. సేద్యంపై ఆధారపడే జనాభాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం 'విజన్' ఊహల్లో ఒకటి. అభివృద్ధి పత్రాల శైలిలో జనాభా 'తగ్గుతుంది', శ్రమశక్తి 'తరలుతుంది'. తగ్గించేది ఎవరో, తరలేవారు ఎక్కడికి పోతారో వాక్యంలో ఉండదు. తీర్పు ఆ వాక్యంలోకి 'మేము' అనే కర్తను తెచ్చింది. ఆ తగ్గింపు మాకు వద్దు, ఒప్పంద సేద్యం వద్దు, కూలి పనులను మింగే యంత్రాలు వద్దు, బీటీ పత్తితో సహా జన్యుమార్పిడి పంటలు వద్దు అన్నది. ఆరోగ్యవంతమైన నేల, వైవిధ్యం గల పంటలు, పశువులు, స్థానిక జ్ఞానం, వనరులపై సముదాయపు అదుపు కోరింది. ఈ జాబితాలో నగదు సాయం ప్రధానాంశం కాలేదు. పేదలను అడిగితే డబ్బే అడుగుతారనే మధ్యతరగతి నమ్మకానికి ఇది సమాధానం.

నిర్వాహకులు జ్యూరీ ముందు వీడియో రూపంలో మూడు భవిష్యత్ చిత్రాలు ఉంచారు: విజన్ 2020 మార్గం, ఎగుమతి ప్రధానమైన సేంద్రియ సేద్యం, స్థానిక స్వావలంబన. వాటిలో ఒకదాన్నే ఎంచుకోవాలన్న నియమం లేకపోవడం మేలైంది. అయినా ప్రశ్నపత్రం తయారుచేసినవారి నీడ జవాబుపై పడక మానదు. నివేదికను రాసినవారు కూడా జ్యూరీ సభ్యులు కారు, ఇద్దరు విదేశీ పరిశోధకులు. రైతులు తెలుగులో పలికిన తీర్పు ఆంగ్ల నివేదికగా లోకానికి చేరింది. ఏ పలుకుబడి ఏ అనువాదంలో చదునైపోయిందో పరిశీలించవలసింది తెలుగు శాఖలే.

అప్పట్లో రాష్ట్రానికి సాయం అందిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సహాయ విభాగం 2002లో ఈ ప్రక్రియపై అభ్యంతరం తెలిపింది. జ్యూరీ ప్రాతినిధ్యం సరిపోదని, సాక్ష్యాలు ఒకవైపు మొగ్గాయని ఆ వాదన సారాంశం. ప్రాతినిధ్యం న్యాయమైన ప్రశ్నే. పేదలంతా ఒకే మాట మీద ఉంటారనుకోవడం కూడా ఒక రకమైన అవమానమే. భూమి ఉన్న సన్నకారు రైతుకూ భూమి లేని కూలీకీ యంత్రం ఒకేలా కనిపించదు. అయితే ఆ కొలబద్దను విజన్ పత్రం రాసినవారికి ఎవరూ పట్టలేదు. వారిలో ఎందరు సన్నకారు రైతులని ఏ సహాయ సంస్థా ఆరా తీయలేదు. ప్రాతినిధ్యాన్ని నిరూపించుకోవలసిన భారం అనుభవం ఉన్నవారి మీదే పడింది, అధికారం ఉన్నవారికి అది మినహాయింపు.

4. పరిశోధనా పద్ధతికి సంబంధించి

మన సిద్ధాంత గ్రంథాల్లో 'సమస్యలు – పరిష్కార మార్గాలు' అనే అధ్యాయం తరచుగా కనిపిస్తుంది. సమస్యల భాగంలో కథల నుంచి, ఆత్మకథల నుంచి, క్షేత్ర పర్యటనల నుంచి పేదల మాటలు ఉటంకింపులుగా వస్తాయి. పరిష్కారాల భాగానికి వచ్చేసరికి ఉటంకింపు చిహ్నాలు మాయమై పరిశోధకుని గొంతు ఒక్కటే మిగులుతుంది. చెప్పినవారు పరిష్కారం ఏమీ సూచించలేదా, సూచించినా మన ప్రశ్నావళిలో దానికి గడి లేదా? క్షేత్రానికి వెళ్ళే విద్యార్థి ప్రశ్నావళిలో 'మీ ఇబ్బందులేమిటి' పక్కన 'మీరైతే ఏం చేస్తారు, ఇంతకుముందు ఏం చేసి చూశారు' అన్న రెండు వరుసలు చేరిస్తే ఆ అధ్యాయం స్వరూపమే మారుతుంది. సమాధానాన్ని చెప్పినవారి ఆలోచనగా, వారు కోరితే వారి పేరుతో, నమోదు చేయడం పర్యవేక్షకుల బాధ్యత.

అల్గోలు తీర్పు వెలువడిన తొమ్మిది నెలలకు, 2002 మార్చిలో, దేశంలో బీటీ పత్తి వాణిజ్య సాగుకు అనుమతి లభించింది. పత్తి నేపథ్యంగా ఆ తర్వాత వచ్చిన తెలుగు కథలను రైతు ఆత్మహత్యల కథలుగా వర్గీకరించి చదువుతున్నాం. వాటిని ఆ తీర్పు పక్కన పెట్టి చదివిన అధ్యయనం జరగవలసే ఉంది.