కుములు అను మాట

దుఃఖమును తెలుపు మాటలు తెలుగున కొల్లలు. వగపు, అడలు, దిగులు, బెంగ; వీని సరసనే శోకము, విషాదము, వ్యథ. నిఘంటువు వీనిని పర్యాయపదములుగా ఒకచోట చేర్చును. రచయిత అట్లు చేర్చరాదు. ఏలయన మాటమాట వెనుకను ఒక్కొక్క చిత్రము కలదు. విషాదమున కుంగుట యున్నది; వ్యథయందు వణకుట యున్నది. శోకమునకు మూలమైన ‘శుచ్’ ధాతువునకు వైదికభాషలో వెలుగుట, మండుట అర్థములు. శుచి శబ్దమును దానినుండి పుట్టినదే. అనగా శోకము మంట.

ఆ మంటకు తెలుగు ఇచ్చిన గంభీరరూపము ‘కుములు’. బూడిద క్రింద నివురుగప్పి యుండు నిప్పు కుమ్ము. కుమ్ములో వంకాయ కాల్చిన ఇల్లాలికి దాని గుణము తెలియును: మంట లేవదు, చేయి దగ్గరకు పోయినగాని వేడి తెలియదు, లోనిది మాత్రము పూర్తిగా మగ్గిపోవును. పొగులుటయు తాపమును తెలుపు మాటయే. కాని పొగిలిపొగిలి యేడ్చిన యేడ్పు ఇరుగుపొరుగునకు వినబడును. కుములుట వినబడదు. ఈ భేదమెరుగక ‘బిగ్గరగా కుమిలిపోయెను’ అని వ్రాయుట నిప్పును చూడక వ్రాయుటయే.

ఉత్తరరామచరితము మూడవ అంకమున భవభూతి రాముని కరుణమును పుటపాకముతో పోల్చెను. మూతవేసి మట్టి మెత్తిన పాత్రలో మందు పక్వమగునట్లు ఆ వ్యథ బయటికి పొక్కక లోననే ఉడుకును. సంస్కృతకవి ఉపమానముతో సాధించినదానిని తెలుగు ఒక్క క్రియలో ఇమిడ్చినది. గురజాడ పూర్ణమ్మ తన నిశ్చయమును దాచుకొని తోబుట్టువులకు అప్పగింతలు చెప్పుటయు ఇట్టిదే. కవి ఆ మాట వాడినను వాడకున్నను అది కుములు.

కుంపటి పోయినచోట ఈ మాట యేమగును? సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడికతో భిలాయి ఉక్కు కర్మాగారమునకు పునాది పడినది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. పనికై అచ్చటికి చేరినవారిలో ఆంధ్రులును కలరు. సెక్టర్ 6 క్వార్టర్లలో గ్యాసుపొయ్యి యెదుట పెరిగిన బిడ్డకు కుమ్ము తెలియదు. బడిలో నేర్చిన హిందీ లోలోని బాధకు ‘ఘుటన్’ అను మాట నిచ్చును. అది ఊపిరాడమి, ఇది నివురు క్రింది నిప్పు. ఒకటి రెండవదానికి అనువాదము కాజాలదు.

అయినను ఆ యూర నిప్పునకు కొదువ లేదు. కోకు బట్టీలలో గాలి చొరనీక మూసిన గదులయందు బొగ్గును ఇంచుమించు వేయి డిగ్రీల వేడిమిలో గంటలతరబడి కాల్తురు. తలుపు తీయువరకు లోని యెరుపు కంటబడదు. భవభూతి పుటపాకమునకు ఇంతకన్న సన్నిహితమైన సాదృశ్యము దొరకుట అరుదు. 2018 అక్టోబరు 9న ఆ బట్టీల గ్యాసు గొట్టమున మంటలు చెలరేగి పలువురు ఉద్యోగులు ప్రాణములు కోల్పోయిరి. నాటి శోకము పత్రికలకెక్కెను. ఆ యిండ్లలో పిమ్మట గడచిన యేండ్లకు వార్త లేదు. వానికి మాట కావలెను.

కావున ప్రవాసాంధ్ర రచయిత అమ్మమ్మ యింటి పొయ్యిని అరువు తెచ్చుకొననక్కరలేదు. తండ్రి డ్యూటీకి పోయిన బట్టీని చూచి వ్రాసినచో ‘కుములు’ ఆతని చేతిలో మరల వేడెక్కును. చూడక వ్రాసినచో మిగులునది బూడిదయే.