పదహారు పేజీల రామకృష్ణుడు

కార్తీక పున్నమికి మంగినపూడిలో సముద్రస్నానం చేసి చిలకలపూడి పాండురంగడి దర్శనం చేసుకున్నవాళ్లూ, సుబ్బారాయుడి షష్ఠికి మోపిదేవి వెళ్లొచ్చినవాళ్లూ పిల్లలకోసం తెచ్చేవాటిలో జీళ్లు, బూరలతోపాటు ఒక బొమ్మల పుస్తకం కూడా ఉండేది. నేలమీద పరిచిన గోనెపట్టా మీద తెనాలి రామకృష్ణుడు, పరమానందయ్య శిష్యులు, మర్యాద రామన్న, భట్టి విక్రమార్కుడు వరసగా పడుకుని ఉండేవారు. పెద్దగా బేరమాడక్కర్లేని ధర. గుడివాడ జంక్షన్‌లో బండి మారేలోపు పిల్లవాడు సగం చదివేసేవాడు.

ఆ ధర వెనక గట్టి పనితనం ఉంది. పెద్ద కాగితాన్ని రెండువైపులా అచ్చువేసి మూడు మడతలు పెడితే పదహారు పేజీలు వస్తాయి. అచ్చాఫీసులో దాన్ని ఫారం అంటారు. కథ ఒక్క ఫారంలో ముగిసిందా, పుస్తకం చవక. ఒక్క పేజీ మిగిలిపోయినా ఇంకో ఫారం ఎక్కించాలి. అందుకే రాసేవాడు వర్ణనలు కోసేసి, రాయలవారు అడిగారు, రామకృష్ణుడు చెప్పాడు అన్నట్టుగా కథను పరిగెత్తించాడు. ఆ పొదుపు భాషకు మేలే చేసింది. రంగులు అట్టకే. లోపలంతా నలుపు, నడుమ రెండు పిన్నులు.

బొమ్మ సంగతి ఇంకా ముఖ్యం. చిత్రకారుడు నల్ల సిరాతో గీసినదాన్ని జింకు రేకుమీదికి ఫొటో దించి, గీత లేనిచోటల్లా యాసిడ్‌తో తినిపించేవారు. గీత ఉబ్బెత్తుగా మిగిలేది. చెక్కకు బిగించిన ఆ బ్లాకును సీసపు అక్షరాల పక్కన పేర్చేవారు. గరుకు కాగితంమీద సన్నగీత విరిగిపోయేది, దగ్గరదగ్గరగా గీసిన గీతల మధ్య సిరా నిండి మచ్చయ్యేది. కాబట్టి గీత లావుగా, ధైర్యంగా ఉండాల్సి వచ్చేది. బందరు పక్కన పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడా ముందు గీత అచ్చు, ఆ తర్వాత రంగుకో అచ్చు. పుస్తకానికైనా బట్టకైనా రంగు పెరిగినకొద్దీ పనీ ఖర్చూ పెరుగుతాయి.

ఆ లావు గీతలో మనిషిని పోల్చుకునేలా చెయ్యడమే అసలు విద్య. రామకృష్ణుడికి పిలక, కొంటెచూపు. రాయలవారికి మీసం, పొడుగు కుళ్లాయి. పేజీ తిప్పినప్పుడల్లా అవే గుర్తులు. కథ అమ్మమ్మ చెప్పగా పిల్లకు ముందే తెలుసు. మనిషిని పోల్చుకుని, కింద ఉన్న నాలుగు వాక్యాల్లో ఆయన పేరు వెతుక్కుంటుంది. పేరు దొరికాక పక్క మాట. బాలశిక్ష ముందు కూర్చోని పిల్ల కూడా ఈ దారిన చదువులోకి వచ్చేది.

ఈ విద్యను శిఖరానికి చేర్చింది చందమామ పత్రిక. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. వడ్డాది పాపయ్య అట్టలు, చిత్రా, శంకర్ల లోపలి బొమ్మలు, కొడవటిగంటి కుటుంబరావు దిద్దిన తేటతెలుగు. శంకర్ గీసిన బేతాళకథ బొమ్మ ఒక్కటి చూడండి. విక్రమార్కుడి చేతిలో కత్తి, భుజాన శవం, కాళ్లకింద పుర్రెలు, చుట్టూ శ్మశానం.  రాజు అడుగు ముందుకు పడుతోంది. భయమంతా చుట్టూ ఉంది, మొహంలో లేదు. ఆ రాజు పట్టుదలను ఇంతకంటే బాగా ఏ వాక్యమూ చెప్పలేదని నా నమ్మకం.

ఆ నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ తరఫున 1951లో పాతాళభైరవి తీశారు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవారు. తోటరాముడి వేషం వేసిన ఎన్టీ రామారావు బందరుకూ గుడివాడకూ దగ్గరలోని నిమ్మకూరువారు. తర్వాత బొమ్మల పుస్తకాల్లో కృష్ణుడికీ సాహసవీరుడికీ ఆ పోలికలే వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. సినిమాకు, పుస్తకానికి, తిరునాళ్లకు మొహం ఒకటే అయింది.

పిల్లలకు చవకగా బొమ్మల పుస్తకం ఇవ్వాలన్న ఆలోచన అమెరికాలోనూ వచ్చింది. 1942లో లిటిల్ గోల్డెన్ బుక్స్ పాతిక సెంట్లకు బొమ్మల పుస్తకం ఇచ్చాయి. మనదేశంలో 1967లో అనంత్ పాయ్ అమర్ చిత్ర కథ మొదలుపెట్టారు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పిల్లల పుస్తకాలు చక్కని రంగులతో, చౌకగా దొరికేవి. అంత మంచి కాగితం మన తిరునాళ్ల పుస్తకానికి ఎన్నడూ దక్కలేదు.

లోపాలూ చెప్పాలి. అరిగిన బ్లాకునే ఇంకో కథకు వాడినవి, అచ్చుతప్పులతో నిండినవి చాలానే వచ్చాయి. చవక అంటే నాసిరకం అనుకున్నవాళ్ల పని అది. ఒకే రంగులో, ఒకే ఫారంలో మంచి పుస్తకం వేయవచ్చని శ్రద్ధ ఉన్నవాళ్లు నిరూపించారు. ఇవాళ ఆఫ్‌సెట్టు వచ్చి రంగు తేలికైంది, కానీ షాపుల్లో మెరిసే బొమ్మల పుస్తకాల్లో ఎక్కువ ఇంగ్లీషువే. వాటిలో మొహాలు పిల్లలకు టీవీలో పరిచయమే, అమ్మమ్మకు కాదు. ఇద్దరూ కలిసి చదివే వీలు పోయింది.

ఆ పాత పుస్తకాలు కూడా ఎక్కువ మిగల్లేదు. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన ఊళ్లనే తుడిచేసింది. ఇంక ఇంట్లో దాచుకున్న కాగితమెంత? మిగిలినవాటిని చెదలు, పాతకాగితాల బళ్లు తీసుకుపోతున్నాయి. మీ అటకమీద అలాంటి పుస్తకం ఉంటే తూకానికి వెయ్యకండి. దుమ్ము దులిపి, పిన్ను ఊడితే దారంతో కుట్టి, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో ఇవ్వండి. అట్ట లేకపోయినా ఫరవాలేదు, రెండోతరగతి పిల్లలు పిలకను బట్టి రామకృష్ణుణ్ణి పోల్చుకుంటారు.