పిలుపు

మార్చి మొదటి వారం. సాయంత్రం ఐదు దాటింది. లైట్లు ఆర్పుదామని బడి ఆటల హాల్లోకి వెళ్లాను. మూడో తరగతి క్లాస్ టీచర్ అక్కడ ఒంటరిగా నిలబడి ఖాళీ కుర్చీలకేసి చూస్తూ పేర్లు పిలుస్తున్నారు. ఒక పేరు, కాసేపు మౌనం, ఇంకో పేరు. తొమ్మిదీ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చారు. పిలిచిన ప్రతిసారీ నోటి నుంచి ఆవిరి. బయట కిటికీ అంచుదాకా మంచు.

జపాన్‌లో నీగాతా ప్రిఫెక్చర్, ఉఓనుమా కొండసీమ. కోషిహికారి బియ్యానికి పేరుమోసిన నేల. ఇక్కడి మిడిల్ స్కూల్లో ఇంగ్లిష్ సహాయ ఉపాధ్యాయుడిగా నాకిది మూడో వసంతం. ఈ దేశంలో బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. ముగింపు రోజున క్లాస్ టీచర్ ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలుస్తారు. పిల్లలు “హై!” అని గట్టిగా పలికి లేచి, వేదికెక్కి హెడ్మాస్టర్ చేతుల మీదుగా పట్టా అందుకుంటారు. మూడేళ్లు వాళ్లను సాకిన టీచరుకు ఆ వేడుకలో ఉన్న పని ఆ పిలుపే.

“మూడేళ్లుగా రోజూ పిలుస్తున్న పేర్లే కదా, సెన్సే?” అని అడిగాను. “బడిలో వీళ్లను పిలవడం ఇదే ఆఖరు. తడబడితే దిద్దుకోవడానికి మర్నాడు లేదు” అన్నారావిడ.

ఖమ్మం దగ్గర మా ఊరి బడిలో నేను పదిహేడో నంబరుని. “సెవెంటీన్” అనగానే “ప్రెజెంట్ సార్” అనేవాణ్ణి. అరవై మంది ఉన్న గదిలో హాజరు త్వరగా తేలాలంటే అదే దారి. నాకప్పుడు అందులో లోటేమీ కనిపించలేదు. ఇక్కడికి వచ్చాకే కనిపించింది.

జపాన్ పేర్లు చూసి చదివేస్తే కుదరదు. ‘ఎగరడం’ అనే అర్థమున్న ఒకే అక్షరాన్ని ఒక ఇంట్లో షో అంటారు, ఇంకో ఇంట్లో త్సుబాసా అంటారు. ఆ బిడ్డ పేరేమిటో ఆ ఇంటివాళ్లు చెబితేనే తెలిసేది. మొదటి ఏడాది నా చేతికొచ్చిన జాబితా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. అందులో ఇద్దరి ఇంటిపేర్లు ఒకేలా కనిపించాయి. ఇద్దర్నీ ఒకేలా పిలిచాను, వారాల తరబడి. రెండోవాడు ఏనాడూ నన్ను దిద్దలేదు, ప్రతిసారీ “హై” అన్నాడు. ఒకరోజు వాడి పక్క పిల్ల బోర్డు మీద రెండు ఇంటిపేర్లూ రాసి చూపించింది. ఒనొ అంటే చిన్న మైదానం, ఓనొ అంటే పెద్ద మైదానం. నేను ఒక కుటుంబం మైదానాన్ని కుదించేశాను!

ఆ రాత్రి కొత్త నోటుబుక్కు తీసి పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను. జపనీస్ కూడా మన భాషలాగే అచ్చులతో ముగిసే మాటల భాష. దీర్ఘం పోతే అర్థం పోతుంది. యుకి వేరు, యూకి వేరు. ఇంగ్లిష్ జాబితా మింగేసిన దీర్ఘాలన్నీ మన గుణింతంలో చక్కగా కూర్చున్నాయి. ఒ-ఓ తేడా రాతలోనే చూపించే లిపి నాకు అమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని పెట్టెలో పెట్టుకుని తిరిగాను.

వేడుక రోజు ఎరుపు తెలుపు తెరలు కట్టారు, కిరోసిన్ హీటర్లు వెలిగించారు. హకామా కట్టుకొచ్చిన టీచర్ తొమ్మిది పేర్లూ పిలిచారు. గొంతు ఎక్కడా జారలేదు. ఆఖరి “హై” విన్నాక మాత్రం కాగితం మడవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. నెలాఖరుకు స్థానిక పత్రికలో ఉపాధ్యాయుల బదిలీల జాబితా అచ్చయింది. అందులో ఆవిడ పేరుంది.

వసంతం అంటే సకురా అని దూరం నుంచి అనుకుంటాం. ఏప్రిల్ మొదటి వారంలో కొత్త పిల్లల ప్రవేశ వేడుక జరిగేనాటికి ఇక్కడ మైదానం అంచుల్లో ఇంకా మంచుకుప్పలే. పూలు ఇరవయ్యో తేదీ దగ్గరపడ్డాక విచ్చుకుంటాయి. ఎక్కువగా నాటే సొమెయ్ యొషినో చెట్లన్నీ ఒకే మూలం నుంచి తీసిన అంట్లు. అందుకే ఒకచోటి చెట్లు దాదాపు ఒకేసారి పూస్తాయి. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ నాకు ఈ ఊరి వసంతమంటే కినొమే. వేరేచోట ఆ మాటకు అర్థం వేరు, ఇక్కడ మాత్రం అకెబి తీగ లేతచిగుళ్లు. ఉడికించి, పచ్చిగుడ్డు సొన, సోయా సాస్ కలిపి తింటారు. చేదు! ఉగాదికి దొరకని వేపపూత నెల ఆలస్యంగా నాలుక మీదికి వచ్చినట్టుంటుంది. పక్కింటి బామ్మగారు గిన్నె నిండా ఇచ్చి, నేను మొహం చిట్లించకుండా తినడం చూసి ఆశ్చర్యపోయారు. మా పండగ పచ్చడి గురించి చెప్పాను. “చేదుతో ఏడాది మొదలుపెడతారా?” అని రెండుసార్లు అడిగారు.

ఈ ఏడు కొత్తగా చేరింది ఆరుగురు. మొదటి క్లాసుకు ముందురోజు, అందరూ వెళ్లిపోయాక, ఖాళీ గదిలో నిలబడి నోటుబుక్కు తెరిచాను. ఆరు పేర్లు, పది సార్లు. దీర్ఘం ఉన్నచోట ఆగాను.

పాత పేజీ చింపలేదు. మొన్న మే మూడో శనివారం, పొలాల మధ్య సైకిల్ మీద వస్తున్నాను. మంచు కరిగిన నీళ్లతో మడులన్నీ నిండి ఉన్నాయి. ఒకచోట తాత నాటు యంత్రం నడుపుతుంటే మనవడు నారు ట్రేలు అందిస్తున్నాడు, మోకాళ్లదాకా బురద. ఇప్పుడు రైల్లో హైస్కూలుకు వెళ్తున్నాడట. గట్టు మీద సైకిల్ ఆపి పేరు పెట్టి పిలిచాను, దీర్ఘంతో సహా. వంగి ఉన్నవాడు ట్రే పట్టుకునే నిటారుగా నిలబడి, హాల్లో పలికినంత గట్టిగా అన్నాడు:

“హై!”