బొటనవేలు పైకెత్తే దాకా

విమానం నేలమీద ఉన్నప్పుడు పైలట్‌కు కనిపించేది చాలా తక్కువ. రెక్క కింద ఎవరున్నారో, చక్రం దగ్గర ఎవరు వంగి ఉన్నారో, సామాన్ల బండి ఇంజిన్‌కు ఎంత దగ్గరికొచ్చిందో కాక్‌పిట్‌లో కూర్చున్నవారికి తెలియదు. కింద నిలబడ్డవారికి అవన్నీ కనిపిస్తాయి గాని, పైలట్ చెయ్యి ఏ స్విచ్ మీద ఉందో కనిపించదు. ఈ లోటు పూడ్చడానికే చేతి సంకేతాలు, హెడ్‌సెట్ మాటలు, టెక్ లాగ్ రాతలు ఏర్పడ్డాయి. ఒకరు చెప్పినంత మాత్రాన పని నడవదు. అవతలివారు అందిందని తిరిగి చెప్పాలి. అప్పటిదాకా ఏదీ కదలకూడదు.

ఈ పద్ధతి పంకాను చేత్తో తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసిన రోజుల నాటిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలో పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్న టైగర్ మాత్ విమానాలు అలాంటివే. మెకానిక్ పంకా ముందు నిలబడి ‘స్విచెస్ ఆఫ్’ అని అరుస్తాడు. పైలట్ స్విచ్ చూసుకుని అదే మాట తిరిగి అరుస్తాడు. ఇంధనం ఇంజిన్‌లోకి చేరేలా పంకాను నాలుగైదు సార్లు తిప్పాక మెకానిక్ ‘కాంటాక్ట్’ అంటాడు. పైలట్ స్విచ్ వేసి ‘కాంటాక్ట్’ అని బదులిస్తాడు. అప్పుడు పంకాను బలంగా లాగి వెనక్కి తప్పుకోవాలి. బదులు వినకుండా చెయ్యి వేస్తే చెయ్యే పోవచ్చు. ఇంజిన్లు మారాయి గాని ఆ ప్రశ్నా జవాబుల వరస మారలేదు. 1944లో షికాగో ఒప్పందం కుదిరాక అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడింది. దాని రెండో అనుబంధంలో చేతి సంకేతాలన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఏ దేశపు పైలట్ ఏ దేశంలో దిగినా కింద కనిపించే సైగలు అవే.

బేతంచెర్ల, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలవారు ఈ సైగలను కళ్లారా చూడగలిగే చోటు ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో కట్టిన ఈ విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. 28 నుంచి బెంగళూరు, విశాఖపట్నం, చెన్నైలకు ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. కుంఫిణీ ప్రభుత్వం 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరే దీనికి పెట్టారు. 2,000 మీటర్ల రన్‌వే ఏటీఆర్ లాంటి చిన్న విమానాలకు సరిపోతుంది. పెద్ద విమానాశ్రయాల్లో పైలట్‌కు దారి చూపే ఎలక్ట్రానిక్ తెరలు, ప్రయాణికులకు ఏరోబ్రిడ్జిలు ఉంటాయి. చిన్నచోట్ల నేలమీంచి సైగలతో దారి చూపే మార్షలర్ చేతులే దిక్కు. ప్రయాణికులు కూడా విమానాలు నిలిపే ఏప్రాన్ మీద నడిచే ఎక్కుతారు, నడిచే దిగుతారు. కాబట్టి జాగ్రత్త ఇక్కడే ఎక్కువ కావాలి.

బేతంచెర్ల స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలుకు స్టేషన్ సిబ్బంది పచ్చజెండా చూపుతారు. ఇంజిన్‌లోంచి లోకో పైలట్ కూడా జెండా ఊపి బదులిస్తాడు. విమానం దగ్గరా అంతే, కాకపోతే సైగలు చాలా ఎక్కువ.

మార్షలర్ రెండు చేతుల్లో రంగు బ్యాట్లు గాని, రాత్రయితే వెలిగే కర్రలు గాని ఉంటాయి. చేతులు రెండూ పక్కలకు చాచి, మెల్లగా తలపైకి తెచ్చి కర్రలు అడ్డంగా కలిపితే ‘ఆగు’. అదే పని ఒక్కసారిగా విసురుగా చేస్తే ‘వెంటనే ఆపు’. విమానం ఆగాక అరచెయ్యి భుజం పైకి ఎత్తి, పైలట్ కళ్లలోకి చూస్తూ పిడికిలి బిగిస్తాడు. బ్రేకులు వేయమని దానర్థం. పైలట్ బొటనవేలు పైకెత్తి చూపేదాకా మార్షలర్ ఉన్నచోటు నుంచి కదలకూడదని నిబంధనలోనే రాసి ఉంది. తర్వాత చక్రాలు దొర్లకుండా చాక్స్ వేస్తారు. తలపైన చేతులు చాచి కర్రల కొనలు లోపలికి పొడిచినట్టు కలిపితే చాక్స్ వేశామని, బయటికి పొడిచినట్టు చూపితే తీశామని. పైలట్ అనుమతి లేకుండా వాటిని తీయరు. చాక్స్ మామూలు దిమ్మెలే అయినా, బ్రేకు పట్టు సడలినప్పుడు విమానానికీ మనుషులకూ మధ్య మిగిలేది అవే.

కుడిచెయ్యి నిలువుగా తలపైకి ఎత్తి పిడికిలి బిగించి, ఎడమచెయ్యి మోకాలి పక్కన ఉంచితే ‘ఏ మీటా ముట్టుకోవద్దు’ అని. చూడ్డానికి చిన్న సైగే. కింద ఒక మనిషి చక్రాల గూటిలో తల పెట్టి ఉండగా పైన ఎవరో ఒక లివర్ తాకితే ఏమవుతుందో ఊహించుకుంటే దాని విలువ తెలుస్తుంది. 2019 జులై 10న కోల్‌కతాలో స్పైస్‌జెట్ క్యూ400 విమానం చక్రాల గూటి తలుపులు మూసుకుపోయి, అక్కడ పనిచేస్తున్న టెక్నీషియన్ ప్రాణం పోయింది.

విమానం వీపు మీదా పొట్ట కిందా మెరిసే ఎర్రదీపాన్ని బీకన్ అంటారు. అది వెలుగుతున్నంతసేపూ ఇంజిన్ తిరుగుతోందని, లేదా తిరగబోతోందని లెక్క. ఆరేదాకా దగ్గరికి పోకూడదు. 2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఒక ఎంబ్రేయర్ 175 వచ్చి ఆగింది. దాని సహాయక విద్యుత్ యూనిట్ పనిచేయకపోవడంతో, నేలమీది కరెంటు తగిలించేదాకా ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. ఆ సంగతి సిబ్బందికి ముందే చెప్పారు. అయినా ఒక ఉద్యోగిని ఇంజిన్ ముందుకు వెళ్లింది, బతకలేదు. ఓర్వకల్లు లాంటి చోట్లకు వచ్చే ఏటీఆర్ 72లోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. కుడివైపు పంకాకు బ్రేకు వేసి, ఇంజిన్‌ను మాత్రం కరెంటు కోసం నడపవచ్చు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. పంకా ఆగిందని కుడివైపుకు పోతే వేడిగాలి తగులుతుంది. ప్రయాణికుల తలుపు, సామాన్ల తలుపు రెండూ ఎడమవైపే ఉండటం కొంత నయం.

ఇంధనం దగ్గర మాట తేడా వస్తే కష్టం గాల్లోకి వెళ్లాక గాని తెలియదు. ట్యాంకర్ లీటర్లలో కొలుస్తుంది, పైలట్ కిలోల్లో లెక్క వేసుకుంటాడు. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం చూపే మీటర్లు పనిచేయలేదు. ట్యాంకుల్లో కొలపుల్ల పెట్టి చూస్తే 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటరుకు సుమారు 0.8 కిలోలని గుణించాల్సిన చోట, కింది సిబ్బందీ పైలట్లూ పాత అలవాటు కొద్దీ 1.77తో గుణించారు. అది లీటరుకు పౌండ్ల లెక్క. కనీసం 20,000 లీటర్లు పోయాల్సి ఉండగా 4,917 లీటర్లు పోసి సరిపోయిందనుకున్నారు. దారిమధ్యలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం జారుకుంటూ వచ్చి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దిగింది. 69 మందీ బతికారు. లెక్కను ఒకరు చేస్తే మరొకరు సరిచూశారు కూడా. ఇద్దరూ ఒకే తప్పు అంకె పట్టుకున్నప్పుడు ఆ సరిచూడటం వల్ల ఫలితం లేకపోయింది. అంకెతో పాటు అది కిలోలా, పౌండ్లా, లీటర్లా అన్నది పలకాలనే పట్టుదల అందుకే.

టెక్ లాగ్ అంటే పైలట్లకూ ఇంజినీర్లకూ మధ్య నడిచే ఉత్తరాల పుస్తకం. పైలట్ ఫిర్యాదులకు మెకానిక్‌లు రాసిన కొంటె సమాధానాలంటూ జోకులు చాలానే తిరుగుతుంటాయి. నవ్వుకోవడానికి బాగుంటాయి గాని, అసలు లాగ్‌లో చమత్కారానికి చోటు లేదు. ‘ఎడమ బ్రేకు బాగాలేదు’ అని రాసి ఊరుకుంటే ఇంజినీరుకు ఏమీ తెలియదు. ఏ వేగం దగ్గర, ఎంతసేపు, మీటరు ఎంత చూపింది, వాన పడుతోందా అన్నవి రాయాలి. ఇంజినీరు కూడా ‘చూశాం, సరిగానే ఉంది’ అంటే చాలదు. ఏ పరీక్ష చేశాడో, ఏ భాగం మార్చాడో రాసి సంతకం పెట్టాలి. వెంటనే బాగుచేయలేని చిన్న లోపాలను వాయిదా వేయడానికి కనీస పరికరాల జాబితా ఉంటుంది. వర్గాన్నిబట్టి 3, 10, లేదా 120 రోజుల గడువిస్తారు. కొన్నింటికి గడువు విడిగా నిర్ణయిస్తారు. ఇదంతా చదివి, విమానం తీసుకుంటున్నానని కెప్టెన్ సంతకం చేస్తేనే తలుపులు మూస్తారు. తృప్తి కలగకపోతే తీసుకోననే హక్కు కూడా కెప్టెన్‌దే. ఆలస్యమైందని ప్రయాణికులు విసుక్కునే చాలా సందర్భాల్లో తెరవెనక నడిచేది ఈ రాతకోతలే.

బయలుదేరేముందు టగ్‌తో వెనక్కి నెట్టాల్సిన విమానమైతే ముక్కు దగ్గర హెడ్‌సెట్ తగిలించుకున్న వ్యక్తి ఉంటాడు. బ్రేకులు తీశారా అని అతనడగాలి, తీశామని పైలట్ చెప్పాలి, ఆపైనే టగ్ కదలాలి. నెట్టడం అయ్యాక బ్రేకులు వేశామని పైలట్ చెబితేనే టగ్‌ను విమానానికి కలిపే టో బార్ విప్పుతారు. హెడ్‌సెట్ తీశాక మాట పోతుంది, మళ్లీ సైగలే శరణ్యం. ప్రమాదమంతా ఈ కాస్త వ్యవధిలోనే ఉంది. 2015 డిసెంబరు 16 రాత్రి ముంబయిలో హైదరాబాద్ బయలుదేరుతున్న ఎయిర్ ఇండియా ఏ319 ఇంజిన్ నేలమీదున్న ఇంజినీరును లోపలికి లాగేసింది. సంకేతాన్ని కో-పైలట్ పొరపాటుగా అర్థం చేసుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. జెట్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా ముందున్న కొన్ని మీటర్ల మేర గాలిని గుంజుకుంటుంది.

అందుకే చివరి సైగకు ముందు వరస తప్పకూడదు. నేలమీది వ్యక్తి పైలట్‌కు కనిపించే పక్కకు, సురక్షితమైన దూరం నడిచి వస్తాడు. నెట్టడం కోసం ముక్కు చక్రం దగ్గర పెట్టి, తర్వాత తీసేసిన పిన్నును దాని ఎర్రగుడ్డతో సహా చేతిలో ఎత్తి చూపుతాడు. పైలట్ దాన్ని చూసి చెయ్యి ఊపాక సెల్యూట్ చేస్తాడు. విమానం కదలడం మొదలయ్యేదాకా పైలట్ మీంచి చూపు తిప్పడు. కదిలాక ఏ తలుపో సరిగా పడలేదని కంటబడితే పైలట్‌తో నేరుగా మాట్లాడే వీలుండదు. టవర్‌కు చెప్పి, రేడియోలో ఆపించాల్సిందే.