బీదర్ మంగలి, ఆనంద్‌పూర్ అమృతం

మా జైపూర్ పక్క నుంచి పారే గోదావరిలో బీదర్ దిక్కు నుంచి వచ్చిన మంజీర నీళ్లూ ఉన్నయి. ఆ బీదర్ మంగలి సాహిబ్ చంద్ గురించి మాత్రం మాకు ఏ బడిలోనూ చెప్పలేదు. 1699 వైశాఖినాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ తల అడిగితే లేచి నిలబడ్డ ఐదుగురిలో ఆయన ఒకరు. భాయి సాహిబ్ సింగ్ అయ్యాడు. ఆయనది బీదరేనని సిక్కు సంప్రదాయం చెప్తుంది.

ఈ కథలో అందరూ త్యాగాన్నే మెచ్చుకుంటారు. మేం చూడమనేది ఆ తర్వాతి ఘట్టం. ఐదుగురికీ అమృతం ఇచ్చిన గురువే మళ్లీ వాళ్ల చేతుల మీదుగా దాన్ని తీసుకున్నాడు. మంగలి చేతి నీళ్లు గురువు తాగిండు! పైగా వెంట్రుక కత్తిరించొద్దన్న ఖాల్సాలో మంగలి కత్తికి పనేముంది? కులవృత్తే మొదలంటా పోయింది. దీన్ని 'సమానత్వ బోధ' అని ఒక్కమాటలో దాటేస్తే మేం ఒప్పుకోం.

అయినా 1920లో, అమృతం తీసుకున్న దళితులు స్వర్ణ దేవాలయానికి తెచ్చిన కడాహ్ ప్రసాదాన్ని పూజారులు మొదట ముట్టమన్నారు. పంజాబు పల్లెల్లో మజ్‌హబీ సిక్కులకు వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు నేటికీ ఉన్నాయి. చమ్‌కౌర్‌లో 1704లో నేలకొరిగిన సాహిబ్ సింగ్‌ను, మిగతా నలుగురినీ రోజూ అర్దాస్‌లో తలుచుకునే ఊళ్లే అవి.